తమ్ముడికి మర్యాద వచ్చింది

మా అమ్మాయి ఇల్లు, కిటికీ పక్క మంచం

మరదలా,

నా తమ్ముడికి మర్యాద వచ్చింది. వాడికి ఏమైందో వెంటనే రాయి.

నవ్వకు. ఇన్నేళ్ళుగా వాడికి మర్యాద లేదని నీ దగ్గర మొత్తుకున్నదాన్ని నేనే. ఫోన్లో చదరంగం పెట్టుకుని, ఇక్కడ నేనూ అక్కడ వాడూ రోజుకో ఎత్తు చొప్పున ఆడుకోవడం మొదలైన దగ్గర్నుంచి, వాడు ఒక్కసారైనా ఓటమి ఒప్పుకున్న పాపాన పోలేదు. మంత్రి పోయినా అంతే, ఏనుగులు రెండూ పోయినా అంతే. ఆఖరికి ఒంటరి రాజు మిగిలితే, ఆ రాజును వేసుకుని బోర్డంతా తిరుగుతాడు, అద్దె కట్టకుండా ఇల్లు ఖాళీ చేయనివాడిలాగా. "ఒరేయ్, పక్కన తెల్ల జెండా బొమ్మ ఉంది, అది నొక్కితే ఓడిపోయానని ఒప్పుకున్నట్టు. నొక్కి చావరా, నాకు వేరే పనులున్నాయి" అని చాట్‌లో రాస్తే, "జడ్జిగారూ, తీర్పు ఇంకా రాలేదు" అని జవాబు. నన్ను జడ్జిగారనడం వాడికి లాగూ తొడుక్కునే రోజుల నుంచి అలవాటు.

అలాంటివాడికి ఆ మధ్య ఒక గుర్రం పోయింది. ఒక్క గుర్రం. ఆట ఇంకా సగం కూడా కాలేదు. తెల్ల జెండా ఎగిరింది. కింద "చక్కటి ఆట. ధన్యవాదాలు" అని వచ్చింది. ఏదో తొందరలో ఉన్నాడేమో అనుకున్నాను. కానీ అప్పట్నుంచి ప్రతి ఆటా ఇదే తంతు. కాస్త దెబ్బ తగలడం, జెండా ఎగరడం, ధన్యవాదాలు రావడం.

ఓడినవాడు లేచి నిలబడి చెయ్యి కలపాలిరా, అది మర్యాద, అని చిన్నప్పుడు వాడికి చెప్పింది నేనే. అప్పుడు వాడు బల్ల కింద దూరాడు. డెబ్బై దాటాక బల్ల కింద నుంచి బయటికి వచ్చాడంటే నేను నమ్మను. కాలేజీలో ఫిజిక్స్ చెప్పినన్నాళ్ళూ పరీక్ష హాళ్ళలో కాపలా కాసినదాన్ని. ఎప్పుడూ తప్పులు రాసే పిల్ల ఉన్నట్టుండి చక్కగా రాస్తే నేను మెచ్చుకోను. పక్క బెంచీ చూస్తాను.

ఫోన్ చేద్దామంటే నా చెవి మిషన్ కుయ్యిమంటుంది, నువ్వేమో "బాగున్నారు వదినా" అని పెట్టేస్తావు. కాగితం మీద అబద్ధం ఆడటానికి కాస్త ఓపిక కావాలి, అందుకే ఉత్తరం. స్వయంగా వచ్చి చూద్దామంటే తుంటి విరిగి ఈ మంచానికి అతుక్కుపోయాను. బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా ఒక ఊరేగింపు బయల్దేరాలి. అమ్మాయి ముందు, మనవరాలు వెనక, మధ్యలో నేనూ నా నాలుగు కాళ్ళ స్టాండూ.

నీకు చదరంగం రాదు కనక ఇదంతా ముసలిదాని చాదస్తంలా ఉండొచ్చు. అయినా సరే, వాడు ఎలా ఉన్నాడో, ఏం తింటున్నాడో, ఎవరితో తిరుగుతున్నాడో రాయి.

నీ ఆడపడుచు


వంటింటి బల్ల దగ్గర

వదినగారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. ఆయన బాగున్నారు. ఆకలి బాగుంది, నిద్ర బాగుంది. కొట్టుకు రంగులు వేయిస్తున్నాం, అందుకని కొన్నాళ్ళుగా మూసి ఉంది. ఇంటి పట్టునే ఉండటంతో ఆయనకు కాస్త విశ్రాంతి దొరికింది. ఒక విధంగా మంచిదే.

మీరు రాసింది చదివి నాకూ నవ్వొచ్చింది. వయసు వస్తే మనిషిలో నెమ్మది రావడం మామూలే కదా. గొడవ పడితే కోప్పడ్డారు, ఇప్పుడు పడకపోతే ఎందుకు పడలేదని అడుగుతున్నారు. మీ తమ్ముడిగా పుట్టడం కష్టమే.

తుంటికి ఆపరేషన్ అయినవాళ్ళు పక్కకు తిరిగి పడుకునేటప్పుడు రెండు మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోవాలట. మీ మంచం కిటికీ పక్కన అంటున్నారు, గాలి తగలకుండా చూసుకోండి. మీరు అల్లి పంపిన శాలువా వెచ్చగా ఉంది. మనవరాలి పరీక్షలు ఎప్పుడు?

మీకు ఒక ముక్క రాయండి అంటే, "రోజూ ఆటలో మాట్లాడుకుంటూనే ఉన్నాంగా" అన్నారు.

మీ మరదలు


అదే మంచం

మరదలికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏముందో చూశాను, రెండోసారి ఏం లేదో చూశాను. నా తుంటి గురించీ, దిండు గురించీ, గాలి గురించీ, శాలువా గురించీ ఉంది. నా తమ్ముడి గురించి "బాగుంది" అని ఉంది. పిల్లలు జవాబు తెలియని ప్రశ్నకు మార్జిన్ గీతలు చక్కగా గీసిస్తారు చూడు, అలా ఉంది.

కొట్టుకు రంగులంటావా? రంగు డబ్బా మూత తీస్తే వీధి చివర నుంచి తుమ్ముతాడు వాడు. తాళాల కొట్టు తెరిచిన రోజున ఏ రంగు ఉందో ఆ రంగు మీదే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాడు. "గోడలకు కాదక్కా, తాళాలకు నూనె పెడితే చాలు" అన్నవాడు ఇప్పుడు ముస్తాబులు మొదలుపెట్టాడా?

సరే. ఇక్కడ పడుకుని నేను చేసిన ప్రయోగాలు విను.

ఒకటి. నిన్న ఆటలో కావాలనే నా మంత్రిని తీసుకెళ్ళి వాడి ఏనుగు నోట్లో పెట్టాను. నా తమ్ముడైతే ఏం చేస్తాడు? దాన్ని చంపి, చాట్‌లో ఒక శోకగీతం రాసి, మర్నాడు కూడా దెప్పుతాడు. ఈ మనిషి ఏం చేశాడో తెలుసా? "పొరపాటున పెట్టినట్టున్నారు, కావాలంటే ఎత్తు వెనక్కి తీసుకోండి" అని ఒక నోటు పంపాడు. మరదలా, చిన్నప్పుడు నాకు తుమ్మొచ్చి చెయ్యి తగిలి గుర్రం పడిపోతే, "ముట్టుకున్నావు కనక అదే ఆడాలి" అని ఇంటిల్లిపాదినీ పిలిచి పంచాయతీ పెట్టినవాడు వాడు.

రెండు. వాడి ఎత్తు ఎప్పుడూ పొద్దున్నే వచ్చేది. కొట్టు షట్టర్ ఎత్తి, టీ పెట్టుకుని, మొట్టమొదట నా మీద పడేవాడు. ఇప్పుడు మధ్యాహ్నం భోజనాలయ్యాక, గిన్నెలు కడిగేపాటి సమయం ఆగి వస్తోంది.

కాబట్టి నా తమ్ముడి పేరుతో ఎవరో ఆడుతున్నారు. నా అనుమానం మీ పైవాటాలో ఉండే వయొలిన్ మాస్టారి మీద. మెట్ల మీద ఎదురైతే మనం దిగేదాకా గోడకు అంటుకుపోయి నిలబడతాడు చూడు, ఆయన. అంత వినయం ఉన్న మనిషిని నేను ఎప్పుడూ నమ్మలేదు. వాడు సోమరితనంతో ఆ మాస్టారికి ఫోన్ అప్పగించి తిరుగుతున్నాడా? అలాగైతే చెప్పు, వాడి చెవి మెలేసే బాధ్యత నాది.

ఈ కవర్లో నా బీరువా తాళంచెవి పెట్టాను. దీనికి జోడు చేసి పంపమని వాడికి ఇవ్వు. మా అమ్మాయి ఇక్కడే చేయిస్తానంది. వద్దన్నాను, నాకు తమ్ముడు ఉన్నాడు అన్నాను.

నీ ఆడపడుచు


వంటింటి బల్ల దగ్గర

వదినగారికి నమస్కారం.

జోడు తాళంచెవి పంపుతున్నాను. పాతదీ కొత్తదీ రెండూ ఉన్నాయి, చూసుకోండి.

వయొలిన్ మాస్టారు ఖాళీ చేసి వెళ్ళి ఏడాది దాటింది. ఆ వాటాలో ఇప్పుడు ఎవరూ లేరు. ఆయన్ని ఏమీ అనకండి, పాపం.

మీ అనుమానం తీరాలంటే ఒక సంగతి చెప్పాలి. ఆయనకు వేళ్ళ కీళ్ళు నొప్పులు. ఫోన్ మీద చిన్న బొమ్మలు జరపలేకపోతున్నారు. ఆయన చెప్తారు, నేను జరుపుతాను. ఆ నోట్లు కూడా ఆయన చెప్పినవే, నేను నా పద్ధతిలో రాసి ఉంటాను. నాకు పని తెమిలేది మధ్యాహ్నమే కనక ఎత్తు మధ్యాహ్నం వస్తోంది.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మర్యాదగా ఆడితే తప్పేముంది వదినగారూ? ఓడిపోయే ఆటను సాగదీసి ఎదుటివాళ్ళ సమయం తినకూడదని ఆ యాప్‌లోనే రాసి ఉంది. మీరు కోరుకున్నదీ అదే కదా.

వర్షాలు మొదలయ్యాయి. జాగ్రత్త.

మీ మరదలు


మంచం

మరదలికి,

తాళంచెవి బీరువాకు పట్టింది. చక్కగా తిరిగింది. తలుపు తెరుచుకుంది.

కానీ దాని మీద చుక్క లేదు.

వాడు చేసిన ప్రతి తాళంచెవికీ, తలకాయ మీద రంధ్రం పక్కన, మేకుతో కొట్టిన చుక్క ఒకటి ఉంటుంది. "నా చేతిలోంచి వెళ్ళిందని దానికి గుర్తుండాలిగా అక్కా" అనేవాడు. కోపంలో చేసినా, జ్వరంలో చేసినా, ఊరికే చేసినా ఆ చుక్క మానడు. నువ్వు పంపింది ఏదో కొట్లో మిషన్ మీద కోయించింది. మిషన్ గీతలు భూతద్దంలో కనబడుతున్నాయి. నీకు చుక్క సంగతి తెలియకుండా ఉండదు. ఇంట్లో తాళాలన్నిటికీ ఉంది. హడావుడిలో మర్చిపోయావు.

కొట్టు మూసి ఉంది. ఆట వాడిది కాదు. నోట్లు వాడివి కావు. తాళంచెవి వాడిది కాదు. ఫోన్‌కి రాడు. ఒక్క ముక్క రాయడు.

ఇక్కడ ఎవరినీ అడగలేదు. మా అమ్మాయిని అడిగితే దాని మొహం చూడాల్సొస్తుంది, దానికి తెలిసుంటే నాకు తెలిసిపోతుంది. అందుకని నిన్నే అడుగుతున్నాను.

నా తమ్ముడు ఉన్నాడా?

ఉన్నాడని రాయి. లేడంటే లేడని రాయి. దిండు గురించి రాయకు.


ఆయన గదిలో, ఆయన కుర్చీ పక్కన

వదినగారికి,

ఉన్నారు. ఇదిగో, నా పక్కనే కూర్చుని కిటికీలోంచి వీధి చూస్తున్నారు. మిమ్మల్ని ఆ భయం దాకా తోసినందుకు నన్ను క్షమించండి.

ఇక దాచను.

కిందటి ఏడాది ఒకాయన ఇంటి తాళంచెవి ఇచ్చి జోడు చేయమన్నారు. మీ తమ్ముడు ఆకురాయి పట్టుకుని కూర్చున్నారు. గీస్తున్నారు, గీస్తున్నారు. నేను టీ తీసుకుని కొట్లోకి వెళ్ళేసరికి ఆ చెవికి ఒక్క పన్ను మిగల్లేదు, నున్నగా చెంచా కాడలా ఉంది. "ఇదిగో, ఇది దేనిదో నీకేమైనా తెలుసా?" అని నన్నడిగారు. తర్వాత ఒకరోజు తన కొట్టు ముందు తనే తాళంచెవుల గుత్తి పట్టుకుని, ఒక్కొక్కటీ పెట్టి చూస్తూ నిలబడ్డారు. దారిన పోయేవాళ్ళు దొంగేమో అని చూశారు. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి చెప్పారు. ఇది మతిమరుపు జబ్బు, తగ్గదు, మెల్లగా ముదురుతుంది.

ఆరోజు ఇంటికొచ్చాక ఆయనే అన్నారు. "అక్కకు చెప్పకు. తెలిస్తే వచ్చి తీసుకుపోతుంది. ఆట ఆగిందంటే తెలిసిపోతుంది. ఆట ఆగనివ్వకు."

అందుకని నేర్చుకున్నాను. యాప్‌లో పాఠాలు ఉంటాయి కదా, అవి చూసి. గుర్రం నన్ను చాలా ఏడిపించింది. కానీ అన్నిటికన్నా ముందు చదివింది మర్యాదల పేజీ. మీతో ఏ పని పెట్టుకున్నా నేను ముందు చూసుకునేది అదే. ఓడిపోతున్నామని తెలిస్తే ఒప్పుకోవాలి, గడియారాన్ని ఊరికే నడవనివ్వకూడదు, ఎదుటివాళ్ళు పొరబడితే ఎగతాళి చేయకూడదు, ఆట కాగానే ధన్యవాదాలు చెప్పాలి. అన్నీ పాటించాను. ఆయనలా ఆడటం కొంత వచ్చింది. ఆయనలా ఓడటం మాత్రం నాకు తెలియలేదు.

ఎందుకు దాచావని అడుగుతారు. అత్తగారికి ఒంట్లో బాగోనప్పుడు మీరు వచ్చారు. రెండో రోజుకల్లా మంచం తల ఇటు నుంచి అటు మారింది, డాక్టరు మారారు, కర్టెన్లు మారాయి. వారం తిరక్కుండా కారు వచ్చింది. మీరు చేసినదంతా ఆవిడ మంచికే, కాదనను. కారెక్కిస్తుంటే ఆవిడ నా చెయ్యి వదల్లేదు. మీరు ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీశారు. మెల్లగానే. నేను "సరే వదినా" అన్నాను. ఆవిడ మళ్ళీ ఈ ఇంటికి రాలేదు.

ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి ఆ మాటే అంటున్నాను. తెల్ల జెండా నాకు కొత్త కాదు.

ఆయనకు ఇప్పుడు తెలిసిన లోకం ఈ గదీ, ఈ కిటికీ, గోడకున్న పనిముట్ల వరస. ఏ ఆకురాయి ఏ మేకుకు వేలాడుతుందో చీకట్లో అయినా చెప్తారు. నా పేరు ఒక్కోరోజు చెప్పలేరు. దయచేసి ఆయన్ని తీసుకెళ్ళకండి.

మీ మరదలు


మంచం

మరదలా,

ఉన్నారు అన్న మాట దగ్గర ఉత్తరం మడిచాను. చెవి మిషన్ తీసి పక్కన పెట్టాను. మిగతాది సాయంత్రం చదివాను.

చదివాక కోపం వచ్చింది. ఒకరి పేరు మీద ఇంకొకరు ఆడటం కన్నా పెద్ద అమర్యాద చదరంగంలో లేదు. నీ మర్యాదల పేజీలో అది ఏ మూలో ఉండే ఉంటుంది, చూసుకో. పరీక్ష హాల్లో అయితే కాగితం లాక్కుని బయటికి పంపేదాన్ని. నేర్చుకున్న తీరు చూస్తే మాత్రం పాస్ మార్కులకు పైనే వేయాలి, అది వేరే సంగతి.

మా అమ్మ విషయం. అప్పుడు నేను చేసినది మళ్ళీ చేయాల్సొస్తే మళ్ళీ చేస్తాను. నీ చెయ్యి సంగతి నాకు గుర్తు లేదు. గుర్తు లేదంటే జరగలేదని అర్థం కాదు, అంతవరకు ఒప్పుకుంటాను.

ఇప్పుడు పని మాట. మా అమ్మాయి పనిచేసే ఆసుపత్రి పక్కనే జ్ఞాపకం తగ్గినవాళ్ళ కోసం ఒక ఇల్లు ఉంది. శుభ్రమైన గదులు, చుట్టూ తోట, నర్సులు. వాడి కోసం ఒక గది అట్టేపెట్టమని చెప్పాను. వచ్చే నెల మొదట్లో కారు పంపుతాను. నువ్వూ రావొచ్చు, మా ఇంట్లో ఉండు. నీ నడుము సంగతి నాకు తెలియదా? వాడు రేపు తలుపు తీసుకుని వీధిలోకి పోతే వెనక ఎవరు పరిగెత్తుతారు? తాళాలు తీయడం వచ్చినవాడికి ఏ తాళం వేస్తావు?

ఇది ఓడిపోయిన ఆట, మరదలా. సాగదీయడం మర్యాద కాదని నువ్వే నాకు పాఠం చెప్పావు. ఒప్పుకో.

అసలు ఆట కూడా చూడు. నీకు రాజు ఒక్కటే మిగిలింది. నాకు మంత్రి ఉంది, ఇంకో అడుగులో మంత్రి కాబోయే బంటు ఉంది. జెండా నొక్కితే ఇద్దరికీ సమయం కలిసొస్తుంది.

చుక్క లేని తాళంచెవి నాకక్కర్లేదు. తిప్పి పంపుతున్నాను.

నీ ఆడపడుచు


ఆయన గదిలో

వదినా,

పంపను.

ఈ మాట రాయడానికి మూడు కాగితాలు పాడుచేశాను. మొదటిదాంట్లో "సరే" అని రాసి ఉంది. చెయ్యి దానంతటదే రాసేసింది.

మర్యాదల పేజీ మళ్ళీ చదివాను. ఒకరి పేరు మీద ఒకరు ఆడకూడదని నిజంగానే ఉంది, మీరు చెప్పినట్టే ఓ మూల. అది నా తప్పు. దాని కిందే ఇంకో మాట ఉంది. ఓటమి ఒప్పుకోమని ఎదుటివాళ్ళని అడగకూడదట. ఎప్పుడు ఒప్పుకోవాలో ఆడుతున్నవాళ్ళ ఇష్టమట. మీరు ఆ పేజీ ఎప్పుడూ చూసి ఉండరు, చెప్పేవాళ్ళకి చదివే అవసరం రాదు కదా.

మీ అనుమానం చూశాక ఈ ఆటను ఆయనలా ఇక్కడిదాకా లాక్కొచ్చాను. అయినా ఆటలో మాత్రం జెండా నొక్కేదాన్నే, ఒంటరి రాజుతో నేనేం చేస్తాను? ఫోన్లో బొమ్మలు నాకు సరిగా ఆనవు, అందుకని ఆయన పాత చెక్క బోర్డు మీద ఆట పేర్చుకుని చూస్తుంటాను. మీ ఉత్తరం వచ్చిన మధ్యాహ్నం కూడా పేర్చాను. నా రాజు బోర్డు అంచున, మూలకు ఒక్క గడి ఇవతల. ఫోన్ తీసి జెండా మీద వేలు పెట్టబోతున్నాను. ఆయన కుర్చీలోంచి వంగి చూశారు. చాలా రోజులుగా ఆ బోర్డు వంక చూడనివారు. నా మణికట్టు పట్టుకున్నారు.

"ఆగవే. ఎవరితో?"

"మీ అక్కతో."

"జడ్జిగారితోనా? మరి ఆగు. జడ్జిగారికి తొందర. ఒక మంత్రి ఉన్నా రెండోది లేనిదే నిద్రపట్టదు."

అని, రాజును ఒక్క వేలితో మూలలోకి నెట్టారు. అదేమిటండీ, మూలకు పోతే ఇంకా సులువుగా చిక్కుతాం కదా అన్నాను. వినలేదు, కిటికీ వైపు తిరిగిపోయారు. నేను ఫోన్లోనూ అలాగే జరిపాను.

మీ జవాబు వెంటనే వచ్చింది. బంటును ముందుకు తోసి రెండో మంత్రిని తెచ్చుకున్నారు. పాత మంత్రి నా రాజు పక్క వరసంతా ముందే ఆపి ఉంది. కొత్త మంత్రి అంత దూరం నుంచే ఐమూలగా గురిపెట్టి, మిగిలిన ఆ ఒక్క గడి కూడా ఆపేసింది. నా రాజు మీద చెక్ లేదు. కదలడానికి గడి లేదు. నాకు వేరే బంటు లేదు. ఫోన్ మీద "ఆట డ్రా" అని పడింది. నేను నమ్మలేక పాఠాలు మళ్ళీ తెరిచి చూశాను. రాజును కొట్టకుండా కదలకుండా చేస్తే అది గెలుపు కాదట.

ఆయనకు చూపించాను. నవ్వారు. నవ్వి, "మా అక్క వచ్చిందా?" అని అడిగారు. మర్నాటికి ఆ ఆటే గుర్తు లేదు.

నాకు సాయం అక్కర్లేదని నేను అనను. నడుము నొప్పి నిజం. ఆయన తలుపు తీసుకుని వెళ్ళడమూ నిజమే, ఒకసారి వెళ్ళారు. బేకరీ ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. అయినా పంపను.

తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, మేకూ సుత్తీ ఇచ్చి, ఒక చుక్క పెట్టండి, అక్కకి, అన్నాను. పెట్టారు. చాలు అన్నా ఆపలేదు. తలకాయ మీద చోటు మిగలకుండా పెట్టారు. పళ్ళకు ఏమీ కాలేదు, చూశాను. మీ బీరువా తెరుచుకుంటుంది.

మరదలు


మా అమ్మాయి ఇల్లు, కిటికీ పక్క కుర్చీ

అమ్మాయ్,

"ఆట డ్రా" అని కనబడగానే ముందు ఫోన్‌ని అనుమానించాను. మనవరాలిని పిలిచి ఆపి మళ్ళీ వేయించాను. తర్వాత నిన్ను అనుమానించాను, కంప్యూటర్‌ని అడిగి ఆడావని. ఆఖరికి నన్ను అనుమానించాల్సొచ్చింది. ఆ పని అలవాటు లేదు, కాస్త సమయం పట్టింది.

చిన్నప్పుడు గెలిచిన ఆటలు ఎన్ని ఇలాగే పాడుచేసుకున్నానో ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తొస్తున్నాయి. ఇంకో మంత్రి కావాలి, ఇంకో గడి ఆపాలి. వాడికి ఎక్కడా జాగా వదలకూడదు. వాడు జెండా నొక్కకపోవడం మొండితనమనీ మర్యాద లేకపోవడమనీ అందరికీ చెప్పుకు తిరిగాను. నేను ఎక్కడ తొందరపడతానో వాడికి తెలుసు, అందుకని కూర్చునేవాడు. ఇన్నేళ్ళూ నాకది చెప్పలేదు. దొంగ.

ఆ ఇంట్లో గది వద్దని చెప్పేశాను. కారు పంపను. నేనే వస్తున్నాను, స్టాండు వదిలి కర్ర మీదకు రాగానే. ఎందుకొస్తున్నానా అని భయపడకు. చుట్టంలా వస్తాను. కొట్టు ఎలాగూ మూసి ఉంది కదా, అందులో నాకు ఒక మంచం వెయ్యి. దాని తల ఎటుండాలో నువ్వే చెప్పు. కర్టెన్ల జోలికి రాను. డాక్టరు ఏం మందులు రాశాడో మాత్రం అడుగుతాను, అడగడం మార్చడం కాదు. పగలు నేను వాడి పక్కన కూర్చుంటాను. వాడు తలుపు తీసుకుని వెళ్తే నేను పరిగెత్తలేను కానీ, ఈ వీధి నుంచి ఆ వీధికి వినబడేలా అరవగలను. నువ్వు ఆ వేళకి వెళ్ళి నిద్రపో.

ఇంకో సంగతి. వాడు నిజంగా నీ మణికట్టు పట్టుకుని "జడ్జిగారికి తొందర" అన్నాడా, లేక నా మనసు మెత్తబడుతుందని నువ్వే అల్లావా అని ఒక పూటంతా ఆలోచించాను. అల్లగలవు, నీ మీద నాకా నమ్మకం వచ్చింది. రెండో మంత్రి సంగతి నీకు తెలిసే వీల్లేదని ఒకసారి అనుకున్నాను. ఇన్ని నెలలు నాతో ఆడావు కదా, తెలిసే ఉంటుందని ఇంకోసారి అనుకున్నాను. అక్కడికొచ్చాక నిన్ను అడగను. ఈసారి పక్క బెంచీ చూడదలుచుకోలేదు.

కొత్త ఆట మొదలుపెట్టు, నీ పేరుతో. గుర్రాన్ని అంత భయంభయంగా దూకించకు.

తాళంచెవి అందింది. బీరువా తెరిచాను. తెరవాల్సిన పని ఏమీ లేదు, ఊరికే.

ఆట అయ్యాక ఓడినవాళ్ళు లేచి నిలబడాలని చెప్తూ వచ్చినదాన్ని. డ్రాకు ఏం చేయాలో నాకు ఎవరూ చెప్పలేదు. నిన్న పొద్దున స్టాండు పక్కకు నెట్టి, మనవరాలి భుజం పట్టుకుని, కిటికీ ముందు లేచి నిలబడ్డాను. డాక్టరు ఇంకా వద్దన్నాడు. అయినా కాసేపు నిలబడ్డాను. ఎదురుగా చెయ్యి కలపడానికి ఎవరూ లేరు.

అందుకే వస్తున్నాను.

నీ వదిన